కల్యాణ మండపంలో బాక్సింగ్

బాక్సింగ్ గురించి తెలిసీ తెలియకుండా ఎవరైనా మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ రోజుల్లో ఇంకా ఎక్కువ మండేది. తొంభైల్లో, మడివాళలోని మా అద్దె ఇంటికి కేబుల్ వచ్చిన కొత్తలో, మా ఆయన ఆదివారం పొద్దున అమెరికా పోటీలు పెట్టుకునేవారు. అక్కడ శనివారం రాత్రి జరిగేది మనకు సరిగ్గా ఇడ్లీల వేళకు వచ్చేది. "పొద్దున్నే ఈ రక్తపాతం ఏమిటండీ" అని మొదట విసుక్కున్నది నేనే. ఆరు నెలలు తిరిగేసరికి ఆయన పేపరు చదువుకుంటూ కూర్చునేవారు, నేను గరిటె పట్టుకుని టీవీ ముందు నిలబడి "ఆ ఎడమ చెయ్యి పైకెత్తరా సన్నాసీ" అని అరుస్తుండేదాన్ని.

నేను డాక్టర్ని. పుట్టి పెరిగింది నెల్లూరు, పెళ్లయి వచ్చింది బెంగళూరు, ఉద్యోగం బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో. మేడమ్ బాక్సింగ్ చూస్తుందన్న సంగతి ఎలా పొక్కిందో గానీ, సోమవారం నా గది ముందు వరస పెరగడం మొదలైంది. అందులో సగం మందికి ఏ రోగమూ ఉండేది కాదు.

"నిన్న జడ్జీలు చెప్పింది న్యాయమేనా మేడమ్?"

"ముందు జ్వరం ఎంతుందో చూడనివ్వు."

"జ్వరం రేపు వస్తాది మేడమ్, మీరు తీర్పు చెప్పండి."

చెప్పేదాన్ని. ఒక్కో రౌండూ ఎవరిదో, ఎందుకో, వేళ్లు మడిచి మరీ చెప్పేదాన్ని. మా గుంపులో నా తీర్పుకు ఎదురులేదు. ముగ్గురు జడ్జీలు ఒకవైపు చెప్పినా "మా మేడమ్ ఒప్పుకోలేదప్పా" అని పంతం పట్టే వెల్డర్లు ఉండేవాళ్లు. నాకూ అది చాలా ఇష్టంగా ఉండేది, దాచుకోవడం దేనికి.

ఆ ఆట తీరు అప్పటికే చెడుతోందని నేను అంటుండేదాన్ని. ఒకే బరువులో నలుగురు ఛాంపియన్లు, నాలుగు బెల్టులు. వాళ్లలో అసలైన ఇద్దరు తలపడితే చూడాలని అభిమాని ఏళ్ల తరబడి కాచుకుని కూర్చోవాలి. కాలనీ పిల్లలంతా ఇంకో ఛానెల్లో కుర్చీలతో కొట్టుకునే నాటకపు కుస్తీకి అలవాటు పడిపోయారు. ఇక మన దగ్గరి సంగతి సరేసరి. పతకాల కోసం ఆడే బాక్సింగ్ ఉండేది గానీ, దాన్ని చూసేది ఆడేవాళ్ల అన్నదమ్ములూ స్నేహితులే. డబ్బిచ్చి టికెట్ కొని స్థానికుడి బాక్సింగ్ చూడటం అన్నది మాలో ఎవరూ ఎరగరు.

అలాంటిది మడివాళలో జిమ్ నడిపే ఒక పెద్దాయన ప్రొఫెషనల్ పోటీలు పెడతానని బయల్దేరాడు. హాలు దొరక్క ఒక కల్యాణ మండపం మాట్లాడుకున్నాడు. ఈ ఊళ్లో బాక్సింగ్ అంటే ఆదివారం పొద్దున టిఫిన్ తర్వాత చూసేది కాబట్టి, ముహూర్తం కూడా ఆదివారం పది గంటలకే పెట్టాడు. ఆ తెలివికి నేను ముచ్చటపడ్డాను. రింగు పక్కన డాక్టరు ఉండాలని ఆయన నా దగ్గరికి వచ్చినప్పుడు, మాట పూర్తికాకముందే ఒప్పుకున్నాను.

ప్రధాన పోటీ ఆరు రౌండ్లు. అందులో ఆడేది మా ఫ్యాక్టరీ మనిషే. ప్రెస్ షాపులో, ఇనప రేకులు వంచే యంత్రం మీద ఆపరేటరు, ముప్పైకి దగ్గర పడ్డవాడు. తాతల కాలంలోనే హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. జిల్లా పోటీల్లో గెలిచినా పేపర్లో రెండు లైన్లు పడలేదు. ఇప్పుడేమో ఫ్యాక్టరీ గేటు దగ్గర అతని బొమ్మతో పోస్టరు. షిఫ్టు మారే వేళ దాని ముందు జనం నిలబడిపోయేవారు.

అతనికి ఒక అలవాటు ఉండేది. దెబ్బ కొట్టే ముందు ముఖం కొద్దిగా ఎడమకు తిప్పి, ఎదుటివాణ్ణి ఓరగా చూసేవాడు. మావాళ్లు దానికి పడి చచ్చేవారు. క్యాంటీన్లో ట్రే పట్టుకుని ముఖం అలాగే తిప్పి ఒకరినొకరు కవ్వించుకునేవారు. "అది కావాలని చేసేది, అవతలివాడికి చిరాకు తెప్పించడానికి, అసలైన ప్రొఫెషనల్ లక్షణం అదే" అని సోమవారం సభలో తేల్చిచెప్పింది నేనే.

పోటీకి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, కల్యాణ మండపంలోని పెళ్లికూతురి గదిలో వైద్య పరీక్షలు పెట్టుకున్నాం. అద్దం మీద పాత పెళ్లిళ్ల బొట్టుబిళ్లలు ఇంకా అంటుకునే ఉన్నాయి. కళ్ల పరీక్షకు ఫ్యాక్టరీ డిస్పెన్సరీలోని బోర్డే తెచ్చాను. మందపాటి అట్ట, ఒకవైపు ఇంగ్లీషు అక్షరాలు, రెండోవైపు కన్నడ. ఫ్యాక్టరీలో అది గోడకు మేకులు కొట్టి ఉండేది, ఎప్పుడూ ఇంగ్లీషు వైపే. ఇక్కడ దారం కట్టి కిటికీకి వేలాడదీశాను.

అతను ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో చదివాడు. ఒక్క తప్పు లేదు. తర్వాత కుడి కన్ను మూసుకున్నాడు. అప్పుడే టేబుల్ ఫ్యాను అటు తిరిగింది. అట్ట గిర్రున తిరిగి కన్నడ వైపు వచ్చి ఆగింది. నేను లేచి సరిచేయబోతున్నాను. అతను ఆగలేదు. పై అక్షరం నుంచి చివరి వరస దాకా ఇంగ్లీషు అక్షరాలన్నీ గడగడా చదివేసి, "ఐపోయింది మేడమ్" అని నవ్వాడు.

అట్ట వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"బోర్డు మీద ఏ భాష ఉంది?" అని అడిగాను.

అతని నవ్వు పోయింది. చెయ్యి దించి కుడి కంటితో చూశాడు. ముఖం ఓరగా తిప్పడం స్టైలు కాదని, ఎడమ కంటికి కనిపించనిది కుడి కంటితో వెతుక్కుంటున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. క్యాంటీన్ మొత్తం అనుకరించినది ఒక మనిషి గుడ్డితనాన్ని.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడాది కావస్తా ఉండాది మేడమ్. మొదట్లో ఓరన ఒగ నల్ల తెర మాదిరి ఉండె, అంతే. అప్పుడే ఫ్యాక్టరీలో కండ్ల పరీక్ష వచ్చె. ప్రెస్ మీద నుంచి తీసేస్తారని బోర్డంతా బాయిపాఠం చేసుకొంటి. లైన్లో నిలబడినోళ్లంతా చేస్తారు మేడమ్, నేనొక్కడినే కాదు. మీరు బాగుండాదని సంతకం పెట్టిరి. డాక్టరే బాగుండాదంటే ఇంకేముండాది లే అనుకొంటి."

"మోసం చేసింది నువ్వు" అన్నాను కోపంగా.

"అవును మేడమ్" అన్నాడు. "రేపు ఒక్కటి ఆడనీయండి. నా కోసరం టికెట్ కొని వస్తా ఉండారు జనం. నా బతుకులో ఎవురూ అట్ల వచ్చింది లేదు."

ఇక్కడ నిజం చెప్పాలి. ఒక్క క్షణం నేను ఊగాను. ఆరు రౌండ్లే కదా, అవతలివాడికి పెద్ద బలం లేదు కదా అనిపించింది. ఆ పోటీ చూడాలని ఆ గదిలో అతని తర్వాత అంతగా కోరుకున్నది నేనే. కానీ కంటి వెనక రెటీనా పొర ఊడుతూ ఉన్న మనిషి ముఖం మీద గ్లవ్స్ పడితే ఏమవుతుందో నాకు తెలుసు. కాగితం మీద 'ఆడటానికి వీల్లేదు' అని రాసి సంతకం పెట్టాను. అతను తలుపు దగ్గర కూర్చుని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. మంగళవారం కంటి ఆసుపత్రికి నేనే తీసుకెళ్తానని మాత్రం చెప్పాను.

ఆదివారం మండపం నిండిపోయింది. వంటశాల గుమ్మం దాకా జనం నిలబడ్డారు. జిమ్ పెద్దాయన చేతులు పిసుక్కుంటూ "జ్వరమని చెప్దామమ్మా" అన్నాడు. నాకు అబద్ధం అక్కర్లేదు. తాళ్ల మధ్య నుంచి వంగి రింగులోకి ఎక్కి మైకు తీసుకున్నాను. చీర కుచ్చిళ్లు తాడుకు చిక్కుకుంటే ఎవరో ఈల వేశారు.

"ఆయన్ను ఆడనివ్వంది నేను" అన్నాను. "కారణం డాక్టరుకూ ఆయనకూ మధ్య ఉండేది. మీకు చెప్పను. తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి."

తిట్టారు. నాలుగు భాషల్లో తిట్టారు. వెనక వరసలో మా ఫ్యాక్టరీ గొంతు ఒకటి "ఆ యమ్మకి బాక్సింగ్ ఏం తెలుసప్పా!" అంది. మిగతావన్నీ దులిపేసుకున్నాను గానీ ఆ మాట మాత్రం బాగా తగిలింది. సగం మంది వెళ్లిపోయారు. మిగిలిన చిన్న పోటీలు ఖాళీ కుర్చీల ముందు జరిగాయి. నేను చివరి గంట దాకా నా కుర్చీలోంచి కదల్లేదు. సోమవారం డిస్పెన్సరీకి నిజంగా జ్వరం వచ్చినవాళ్లు ఇద్దరే వచ్చారు. ఆ జిమ్ పెద్దాయన మళ్లీ ఆ ఊళ్లో ప్రొఫెషనల్ పోటీ పెట్టలేదు.

అయినా నాకు తప్పు చేశానన్న భావన రవ్వంత లేదు. ఊరంతా ఒకవైపు, నేను ఒకవైపు, సరైనది నావైపే ఉంది. మంగళవారం అతన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నా నడకలో కూడా ఆ ధీమా ఉండే ఉంటుంది.

కంటి సర్జన్ వయసు మళ్లిన మనిషి. కంట్లో మందు వేయించి చాలాసేపు చూశారు. కుడి కంటికి ఏమీ లేదన్నారు. ఎడమ కంటి పొర పూర్తిగా ఊడిపోయిందని, ఆపరేషన్ చేసినా వెలుగు తెలియడమే గానీ చూపు రాదని నాతో చెప్పారు. తర్వాత అతని వైపు తిరిగారు.

"ఏడాది ముందు, తెర కనిపించిన కొత్తలో వచ్చి ఉంటే ఈ కన్ను నిలబెట్టేవాణ్ణి. ఎవరూ చూడలేదా? ఫ్యాక్టరీలో ఏటా కళ్ల పరీక్ష చేస్తారు కదా?"

కేసు కాగితం మీద ఆయన పెన్ను ఆగింది. ఆ కాగితం నకలు ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్తుంది. మా ఇద్దరిలో అతనే ముందు మాట్లాడాడు.

"యాడ సార్," అన్నాడు అతను తేలిగ్గా. "మా ఫ్యాక్టరీలో అట్లాంటివి ఏమీ చేయరు. ఈ మేడమ్ చూసిందానికే నిన్నా మొన్నా తెలిసింది. ఈయమ్మ లేకుంటే రెండోది కూడా పొయ్యుండు."

అతను అది నా మీద కోపంతో అనలేదు, వెటకారంగా అనలేదు. నన్ను కాపాడుతున్నాడు. సర్జన్ నావైపు మెచ్చుకోలుగా చూసి తల ఊపి, రాయడానికి వంగారు. అంతటితో సరిపోయేది. ఏడేళ్లు ఒకే బోర్డును ఒకే గోడకు కొట్టి ఉంచిన సంగతి, వరసలో నిలబడ్డవాళ్ల పెదాలు కదులుతుంటే చూసి కూడా త్వరగా కానివ్వమని నేను విసుక్కున్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నేను ముందుకు వంగి ఆ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"చేస్తారు సార్" అన్నాను. "పోయిన ఏడాది ఈయనకు పరీక్ష చేసింది నేనే. కన్ను బాగుందని సంతకం పెట్టింది కూడా నేనే. అలాగే రాయండి."