పేట బీది ఫోటోలో అమ్మ

చింతామణి ఊళ్ళో పేట బీది అనే వీధిలో మా నాన్నకు సరుకుల అంగడి ఉండేది. ముందర అంగడి, వెనక ఇల్లు; ఇంటి గడప అంగడిలోంచి బీదికి కనిపించేది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బెంగళూరు నుంచి ఫోటోలు తీసే ఒకాయన వచ్చాడు. ఊళ్ళో బీదులన్నీ తీస్తున్నానని చెప్పి, మూడుకాళ్ళ కెమెరాను మా అంగడికి ఎదురుగా నిలబెట్టాడు. ఎవరూ కదలకూడదని మరీ మరీ చెప్పాడు. కడుపుతో ఉన్న అమ్మ ఇంటి గడపలో నిలబడి చూస్తోంది. సరిగ్గా అప్పుడే లోపల పాలు పొంగిన వాసన వచ్చింది. తల తిప్పింది. పాలు పొంగితే ఏ ఆడది తిప్పదు?

కొన్నాళ్ళకు ఆయన మాకూ ఒక ఫోటో పంపాడు. తక్కెడ, బస్తాలు, పక్కింటి రాతి స్తంభాలు, నిలిపిన ఎద్దుల బండి, అన్నీ స్పష్టంగా పడ్డాయి. గడపలో అమ్మ చీర ఉంది, పొట్ట ఉంది. మెడ పైన మాత్రం పొగ.

నాన్నను కన్న మా అవ్వ ఫోటోను కళ్ళ దగ్గర పెట్టుకుని వెతికింది.

"దీని మొగం యాడప్పా? కడుపుతో ఉండేదాని మొగాన్ని ఆ పెట్టె మింగేసిండాది."

తల కదిలింది కాబట్టి అలా పడిందని నాన్న ఎంత చెప్పినా వినలేదు. ఫోటోను గోడవైపుకు తిప్పి తగిలించింది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. కాన్పులో అమ్మ చచ్చిపోతుందని నాకు ఖాయమైపోయింది. బడికి పోనని మొండికేశాను. అమ్మ రాగులు విసురుతుంటే ఎదురుగా కూర్చుని ఆ మొహమే చూసేదాన్ని. ఒకసారి కొంగుతో చెమట తుడుచుకుంటుంటే, కొంగు తీశాక మొహం ఉండదేమోనని బావురుమన్నాను. అమ్మ నా చెయ్యి పట్టి తన ముక్కు మీద పెట్టుకుంది.

"ఉండాది చూడు," అంది.

నొప్పులు ఒక మధ్యాహ్నం మొదలయ్యాయి. మంత్రసాని తలుపు మూసింది. ఆ తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాను. అమ్మ అరుస్తున్నంతసేపూ కాస్త ధైర్యంగా ఉండేది. అరుపు ఆగితే పైప్రాణాలు పైనే పోయేవి. ఒకసారి చాలాసేపు ఆగింది. తర్వాత తమ్ముడు ఏడ్చాడు. లోపలికి పరుగెత్తాను. చెమటతో, వాచిపోయి, అమ్మ మొహం ఎంత అధ్వానంగా ఉందో! ఉంది కదా, నాకంతే చాలు.

ఇక జన్మలో ఫోటో తీయించుకోనని అవ్వ అమ్మ చేత ఒట్టు వేయించింది. అవ్వ పోయాక కూడా ఆ మహాతల్లి ఒట్టు తప్పలేదు. మా పెళ్ళిళ్ళలో కెమెరా కనపడితే వంటింట్లోకి దూరేది. మేమూ బలవంతపెట్టలేదు. మాకూ భయమే మరి.

అమ్మ పోయినప్పుడు దండ వేయడానికి తమ్ముడు ఇల్లంతా గాలించాడు. ఒక్క ఫోటో లేదు. చివరికి ఆ బీది ఫోటోనే తుడిచి దండ వేశాం. చూసినవాళ్ళు ఇందులో అమ్మ ఎక్కడ అంటారు. గడపలో చీర చూపిస్తాను.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఆ మధ్య కళ్ళు మూసుకుని అమ్మను తలుచుకుంటే చీర వచ్చింది, చెయ్యి వచ్చింది, మొహం రాలేదు. అప్పటినుంచీ పొద్దున లేవగానే నా ముక్కు తడుముకుంటున్నాను. నాది అచ్చం అమ్మ ముక్కే అనేవారు.