ఆయా రాని అంగన్‌వాడీ

కిషన్‌బాగ్‌లో మా గల్లీ అంగన్‌వాడీ ఒకటే గది. ముసలి ఆయా రిటైరయ్యాక ఆమె జాగాలోకి ఎవరూ రాలేదు. వంట, గిన్నెలు, పాటలు, రిజిస్టర్లు, పిల్లల ముడ్లు కడగడం, అన్నీ టీచరమ్మ నెత్తిన పడ్డాయి. నా బిడ్డకు అప్పటికి రెండేళ్లు. అంత చిన్నవాళ్లను రోజంతా ఉంచుకోవాలని రూలేమీ లేదు. నేను చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో పనికి పోవాలని తెలిసి, ఆమే చంకనేసుకుని తిరిగేది.

ఒకరోజు పిల్లను దింపడానికి వెళ్లేసరికి పై ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చి ఉంది. అక్కడున్న తల్లులందరి గుండెల్లో రాయి పడింది. టీచరమ్మ మీద ఎవరో చాడీలు చెప్పారనుకున్నాం. టీచరమ్మ గది వెనక పప్పుకు తాలింపు వేస్తోంది. నేను గబగబా పిల్లల ముక్కులు తుడిచాను. ఇంకొకామె వాకిలి ఊడ్చింది.

"సెంటర్లో ఏమైనా ఇబ్బంది ఉందా అమ్మా?" అని మేడం అడిగింది.

అందరికన్నా ముందు నేనే నోరు తెరిచాను. "ఏం ఇబ్బంది లేదు మేడం. మా టీచరమ్మ ఒక్కతే అందర్ని మస్తు మంచిగ చూసుకుంటది."

మిగతావాళ్లు తలలూపారు. మేడం రాసుకుని మా సంతకాలు తీసుకుంది. పెద్ద ఉపకారం చేసినట్టు దారంతా సంతోషపడుతూ పనికి వెళ్లాను.

సాయంత్రం టీచరమ్మ అసలు సంగతి చెప్పింది. ఆయా కావాలని ఏడాదిగా దరఖాస్తులు పెడుతున్నది తనే. వార్డు నిధుల్లోంచి జీతమిచ్చి ఒక మనిషిని పెడదామని, అవసరముందో లేదో చూడటానికి మేడం వచ్చింది. అవసరం లేదని రాసుకుని పోయింది.

"ముందుగాల మాకొక మాట చెప్పకపోతివి టీచరమ్మా."

"ఉన్నది ఉన్నట్టు చెప్తరనుకున్న బిడ్డా."

ఆ గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా మంచి నోరు ఆమె నడుము విరిచింది. నెల తిరగకముందే, "ఎత్తుకోలేకపోతున్న బిడ్డా, చిన్నదాన్ని ఇంక తోలకు" అని తలదించుకుని చెప్పింది.

ఇప్పుడు నా బిడ్డ దుకాణంలో బల్ల కింద, గాజుల డబ్బాల మధ్య కూర్చుంటుంది. బజారులోకి ఉరకకుండా దాని నడుముకు నా చున్నీ కట్టి, రెండో కొస నా కాలికి ముడేసుకుంటాను. మొన్న సేటు కిందికి వంగి చూశాడు.

"పిల్లతోని పరేషాన్ అయితలేదా?"

"ఏం ఇబ్బంది లేదు సేట్," అన్నాను. కింద చున్నీ గుంజుతూనే ఉంది.