దోహా నుంచి ఆక్లండ్‌కు, వయా శిరివెళ్ళ

శిరివెళ్ళ దాటేసరికి పొగమంచు బస్సును మింగేసింది. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే ఆ పొద్దుటి బస్సుకు అద్దాల అవతల చేలు లేవు, చెట్లు లేవు. ఆ తెల్లటి శూన్యంలోంచి ఒక చెయ్యి లేచింది. కండక్టర్ యాకోబు ఉలిక్కిపడ్డాడు. తీరా చూస్తే దేవదానం సారు!

ఈ రిటైర్డు భూగోళం మాస్టారుకు పిచ్చి ఒక్కటే. ఏ రెండు విమానాశ్రయాల పేర్లు చెప్పినా దూరమెంతో, ప్రయాణమెంతసేపో గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. తాను మాత్రం విమానం ఎక్కి ఎరగడు. దూరం లెక్క ఎప్పుడూ సరిపోతుంది. కాలం ఎన్నడూ సరిపోదు. పన్నెండేళ్ళుగా బస్సంతా నవ్వుతోంది, ఆయనా నవ్వుతున్నాడు.

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ముందు సీట్లో సుగుణమ్మ ఫోను గుండెకు అదుముకుని కూర్చుంది. నర్సు ఉద్యోగానికి బయల్దేరిన కూతురు దీపిక, నిన్న మన మధ్యాహ్నం రెండింటికి దోహాలో ఆక్లండ్ విమానం ఎక్కింది. పొద్దున ఆరుకు దిగాలి. ఏడున్నరైనా ఫోను పలకడం లేదు.

సారు కళ్ళు మూసుకున్నాడు. "పద్నాలుగు వేల అయిదు నూర్ల కిలోమీటర్లు. పంతొమ్మిది గంటలు."

"గూగులు పదారంటాంది గదా సార్!" అన్నాడు యాకోబు.

"గూగులుకు బిడ్డలుండారా? యమ్మా, పెట్టెలో ఏం పెట్టి పంపినావ్?"

"వేరుశెనగ బుడ్డల పొడి, ఉసిరికాయ ఊరగాయ..."

"ఆ దేశంలో తిండి పెట్టెలు విప్పి చూస్తారు. ఊరగాయకు ఇంకో అరగంట. తొమ్మిదిన్నర దాకా భయపడే పనే ల్యా."

సుగుణమ్మ ఊపిరి వదిలింది. సారు మాత్రం కళ్ళు తెరవలేదు. గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. "పక్కసీట్లో ముసలామె. నీలం స్వెట్టరు. రాత్రంతా పాప భుజం మీదే తల పెట్టింది. పాప కదల్లే..."

మంచులో చిక్కుకున్న ఓడల్లో ఒక మనిషి ఎక్కువ కనబడేవాడని నావికులు చెప్పుకునేవారట. యాకోబు తలలు లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి. కొట్టిన టికెట్లు ముప్పై! సారుకు ఇంకా టికెట్టు కొట్టలేదని తట్టేలోపు చొక్కా తడిసిపోయింది.

ఎనిమిదింటికి ఫోను మోగింది. సుగుణమ్మ స్పీకరు పెట్టింది.

"మా, దిగినా! ఊరగాయ గుంజుకున్నారు మా!"

"పోతే పోనీ తల్లీ, నువ్వుండావ్ గదా!" సుగుణమ్మ ఏడుస్తూ నవ్వింది.

"సార్, గంటన్నర తప్పినావ్!" బస్సంతా గోల. సారు పెళ్ళికొడుకులా తలూపాడు.

"పక్కన అవ్వ రాత్రంతా నా మిందనే పండుకొన్యాది మా. స్వెట్టరు నూగంతా నాకే."

"ఏం రంగు?" యాకోబు నోరు జారాడు.

"నీలం. ఎవరు మా అది?"

తలలన్నీ సారు వైపు తిరిగాయి. యాకోబు సారు చెవి దగ్గర వంగాడు. "లెక్క తప్పినోనివి, ఇది ఎట్ల తప్పల్యా?"

"లెక్క తప్పల్యాప్పా, నేనే తప్పిస్తా. పదారని నాకూ తెలుసు. దిగినంక వరసలు, తనిఖీలు, కొత్త సిమ్ము... ఆడ బిడ్డకు పనులుంటాయి, ఈడ తల్లికి పానం పోతాంటాది. ఆ గంటలు ముందే కలిపిపెడితే ఫోను బేగా వచ్చినట్టుంటాది. నేను ఓడితే ఏం బోయ్యా?"

"మరి నీలం స్వెట్టరు?"

సారు లేచి డ్రైవరు భుజం తట్టాడు. బస్సు ఆగింది. దిగి మంచులోకి నడిచాడు. ముందు కాళ్ళు మాయమయ్యాయి, తర్వాత చేతిసంచి, చివరికి బట్టతల.

"రైటా?" డ్రైవరు అరిచాడు.

ఈల నోట్లో పెట్టుకుని, ఊదడం మరచి, యాకోబు అటే చూస్తున్నాడు.