అప్‌డేట్ కాక ఫోన్ నేను ఎత్తలేదు

లింబాద్రి కాక లేడు.

నిన్న మధ్యాహ్నం పక్కింటి వదిన ఏడ్చుకుంటూ వచ్చి చెప్పింది. నమ్మలేదు. పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు కదా, ఎట్లా పోతాడు అన్నాను.

ఆ మాట అన్నాకే గుర్తొచ్చింది. ఆయన ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.

రెండుసార్లు.

ఎందుకు ఎత్తలేదో మన గ్రూప్‌లో రాస్తాను. రాయకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

కాక మాకు చుట్టం కాదు. మా నాన్నతో పాటు నిజామాబాద్ వైపు నుంచి సూరత్ వచ్చాడు. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ నడిపాడు. మిషన్ల మోతకు చెవులు సగం పోయాయి. ఫోన్‌లో మనం చెప్పేది ఆయనకు వినపడదు. ఆయన అరుపు మాత్రం గల్లీ మొత్తానికి వినపడుతుంది.

కూతురి చదువుకని సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాడు. దానికి వైరస్ పడితే, వీడియోలు చూసి చూసి తానే బాగు చేసుకున్నాడు. అప్పట్నుంచి సూరత్‌లో మన గోడాదరా తెలుగు ఇళ్లల్లో కంప్యూటర్‌కు జబ్బు చేస్తే డాక్టర్ ఆయనే. ఫీజు ఒక కప్పు చాయ్.

నా సంగతి మీకు తెలుసు. ఇంట్లో కూర్చుని చీరల ఎంబ్రాయిడరీకి కంప్యూటర్‌లో డిజైన్లు చేస్తాను. పెన్‌డ్రైవ్‌లో వేసి కార్ఖానాకు పంపితే అక్కడ మిషన్ కుడుతుంది.

రెండేళ్ల కింద, సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో, ఒక పొద్దున చూస్తే ఫోల్డర్లన్నీ మాయం. వాటి జాగాలో అవే పేర్లతో షార్ట్‌కట్లు. షాపతను ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నాడు. నాలుగేళ్ల డిజైన్లు. నా బతుకుదెరువు అదే.

కాక వచ్చాడు. చెప్పులు విడిచి, నన్ను పలకరించకుండా ముందు నెట్ కట్ చేశాడు.

"ముందుగాల తలుపు మూయాలె బిడ్డా. ఎల్కను తర్వాత పట్టుదాం."

అది వార్మ్ అట. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఇల్లిల్లూ పాకే పురుగు లాంటిది. ఫైళ్లు పోలేదు, అది దాచిపెట్టింది. నల్ల స్క్రీన్ మీద ఏదో కమాండ్, ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. నా డిజైన్లు ఒక్కటొక్కటే పైకి వచ్చాయి. నేను ఏడ్చేశాను.

ఆయన మాత్రం నవ్వలేదు. "ఈ పెన్‌డ్రైవ్ ఎవలెవల ఇంటికి పోయింది?" అన్నాడు.

మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ వీడియో దాంట్లోనే తిరిగింది. ఆరు ఇళ్లు. కాక క్యాలెండర్ కాగితం చింపి, వెనకాల పేర్లు రాసుకుని, ఆ ఇళ్లన్నీ తిరిగాడు. మా దాంట్లో ఏం లేదన్నవాళ్లనూ వదల్లేదు.

"ఒక్కరి తల దువ్వితే పేలు పోతయా? ఇంటిల్లిపాది దువ్వాలె."

అసలు తప్పు నాది. ఫోన్ హాట్‌స్పాట్ డేటా అయిపోతోందని ఏడాది నుంచి అప్‌డేట్లు ఆఫ్ చేసి పెట్టాను. అడిగితే "అదే ఆగిపోయింది కాకా" అని అబద్ధం చెప్పాను.

కాక సెట్టింగ్ చూశాడు. నన్ను చూశాడు. తన ఫోన్ తీసి హాట్‌స్పాట్ ఆన్ చేశాడు.

"నా డేటా ఒడిస్తే ఒడవనీ. నువ్వు మాత్రం మళ్ల బంద్ చెయ్యకు."

అప్‌డేట్లన్నీ అయ్యేదాకా, సాయంత్రం వరకు, అక్కడే కూర్చున్నాడు.

అప్పట్నుంచి ఆయన లూమ్ కార్ఖానాకు సెలవు రోజు వచ్చిందంటే పొద్దున తొమ్మిదికి ఫోన్. నాతో మొదలుపెట్టి ఆ ఆరు ఇళ్లకూ వరుసగా.

"అప్‌డేట్ పెట్టినవా? రీస్టార్ట్ చేసినవా? జర చూడుండ్రి!"

అరిచి పెట్టేసేవాడు. మన జవాబు ఎట్లాగూ వినపడదు.

మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత విసుగొచ్చింది. ఫోన్‌లో ఆయన పేరు "అప్‌డేట్ కాక" అని మార్చుకున్నాను. ఆ తర్వాత ఎత్తడమే మానేశాను. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. ఒక్కసారి చేసి తర్వాతి ఇంటికి పోయేవాడు.

నిన్న తొమ్మిదీ పదికి మోగింది.

"ఈ కాకకు వేరే పనే లేదు" అని మా ఆయనతో అన్నాను. ఫోన్ బోర్లా పెట్టి డిజైన్ చేసుకున్నాను.

నిన్న కార్ఖానా సెలవు కాదు. ఆ టైముకు ఆయన లూమ్ దగ్గర ఉండాలి. నాకు తట్టలేదు.

కాసేపటికి మళ్లీ మోగింది. ఆయన ఎప్పుడూ రెండోసారి చేయడు. అదీ తట్టలేదు.

గుండెపోటు. ఆయన భార్య, మా చిన్నమ్మ, కడోదరా ఊళ్లో కూతురింటికి పోయింది, కాక ఇంట్లో ఒక్కడే. పక్కవాళ్లు చూసి ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే అయిపోయింది. ముందే తెస్తే బతికేవాడా అని నేను డాక్టర్‌ను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

దహనం అయ్యాక చిన్నమ్మ ఆయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమెకు చదువు రాదు.

"ఆఖరుకు ఎవలతోని మాట్లాడిండో చూడు బిడ్డా. ఏమన్న చెప్పిండేమో అడుగుదాం."

చూశాను. మొదట నా పేరు. తర్వాత ఇంకో మూడు ఇళ్లు, ఆ క్యాలెండర్ కాగితం మీది వరుసలోనే. తర్వాత మళ్లీ నా పేరు. ఆ పైన ఏమీ లేదు.

"ఎవరితోనూ మాట్లాడలేదు చిన్నమ్మా" అన్నాను.

"పోయేటప్పుడు ఎవల్నీ యాది చేస్కోలేదా?" అని ఆమె ఏడ్చింది. ఫోన్ చేతిలో పెట్టుకుని కూడా నేను నోరు తెరవలేదు.

ఆ మూడు ఇళ్లవాళ్లూ ఇది చదువుతారు. మీ పేర్లు రాయను. మీకన్నా నా పాపమే పెద్దది, నాకు రెండుసార్లు చేశాడు.

ఒక్కటే అడుగుతున్నాను. దీన్ని చిన్నమ్మకు ఎవరూ చదివి వినిపించకండి. రేపు పొద్దున నేనే పోయి ఆమె ముందు కూర్చుని చెప్తాను. తిడితే పడతాను. ఆయన యాది చేసుకున్నాడని, మేమే పలకలేదని ఆమెకు తెలియాలి.

కాకా, నా ఫోన్‌లో నీ పేరు మళ్లీ లింబాద్రి కాక అని మార్చాను.

పోయి రా కాకా. మిషన్ల మోత లేని చోట నిమ్మళంగా పడుకో.