దుప్పటి కొసన ముడి

నాకు పని నేర్పిన మా పాత దవాఖానా పెద్ద సిస్టర్ పోయిందని ఆదివారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఖమ్మంలో, ఆస్పత్రి వార్డులో, పరిస్థితి ఏమీ బాగాలేని ఒక తాత మంచానికి దుప్పటి మారుస్తున్నాను. ఫోన్ పెట్టేసి చూసుకుంటే నా ఎడమచెయ్యి దుప్పటి కొసను పిడికిట్లో బిగించి ఉంది. ఆ పిడికిలి సంగతి చెబితేనే ఆమె సంగతి చెప్పినట్టు.

నర్సింగ్ చదివి, భద్రాచలం వైపు అడవి అంచున ఒక చిన్న దవాఖానాలో చేరినప్పుడు నాకు పని నేర్పింది ఆమే. కల్లూరులో బట్టలు కుట్టేవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. ఎంత తేలిక చెయ్యి అంటే, ఆమె సూది వేస్తే పిల్లలు ఏడవడం మరిచిపోయేవాళ్ళు. కానీ నమ్మకాల పుట్ట. "ఇవాళ వార్డు ఖాళీగా ఉంది" అని నోరు జారితే చాలు, "గట్లనకు! పొద్దుగూకే వరకు మంచాలు సాలవు సూడు" అని కసిరేది. ప్రాణం పోగానే కిటికీ తెరిచేది, పోయేవాళ్ళకు దారి ఇవ్వాలట. అన్నిటికంటే పెద్దది ముడి. చావుబతుకుల్లో ఉన్న రోగి దుప్పటికి, కాళ్ళవైపు కొసన చిన్న ముడి వేసేది. అది ఉన్నంతసేపు ప్రాణం కదలదని ఆమె నమ్మకం. నేను చాటుగా నవ్వుకునేదాన్ని, చదువుకున్నదాన్ని కదా!

నేను చేరిన మొదటి వానాకాలమే వాగు పొంగింది. డాక్టరూ అంబులెన్సూ అవతలి ఒడ్డున ఉండిపోయారు. ఇవతల మేమిద్దరం, మలేరియా తలకెక్కి తెలివి తప్పిన ఒక ఆడమనిషి, గుమ్మంలో ఆమె భర్త. బీడీలు చుట్టే తునికాకు కోసుకుని బతికేవాళ్ళు. డాక్టరు ఫోన్‌లో చెప్పినట్టల్లా చేస్తూ రెండు రోజులు ఆ నాలుగు గోడల మధ్యే ఉన్నాం. సిస్టర్ ముడి వేసి, "వాగు తగ్గేదాక నీ పెండ్లాం యాడికి పోదు" అని ఆయనకు చెప్పింది. ఆయన ఆ ముడి మీంచి చూపు తిప్పలేదు.

మూడోరోజు పొద్దున దుప్పటి తడిసింది. సిస్టర్ స్నానానికి వెళ్ళింది, భర్త బయట నీళ్ళు పట్టుకుంటున్నాడు. ముడి విప్పి, తడిసింది తీసేసి, ఉతికిన దుప్పటి ఒక్క ముడత లేకుండా పరిచి, కొసలు పరుపు కిందికి మడిచాను, కాలేజీలో నేర్పినట్టే. మళ్ళీ ముడి వేయాలని గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది, వేయలేదు. మధ్యాహ్నానికి ఆ ఆడమనిషి చనిపోయింది.

"ముడి ఎవలు ఇప్పిన్రు?" అని పరుపు కింది కొస బయటికి లాగి చూసి అడిగింది సిస్టర్.

"ఏమో సిస్టర్, నాకు తెల్వదు."

ఆ గదిలో నేను కాక ఇంకెవరున్నారు? సిస్టర్ వెళ్ళి, వానజల్లు లోపలికి కొడుతున్నా కిటికీ తెరిచింది.

మర్నాడు వాగు తగ్గింది. నేను మాత్రం మనసులో పన్నెండేళ్ళు ఆ గదిలోనే ఉండిపోయాను. ముడికీ ప్రాణానికీ సంబంధం లేదని తెలుసు. అయినా ఆ మనిషిని నేనే చంపానా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఖమ్మానికి బదిలీ అయ్యాక ముడులు వేయడం నేనే మొదలుపెట్టాను. ఇప్పుడు కొత్త పిల్లలు నన్ను చూసి నవ్వుతారు.

పోయిన నెల సిస్టర్ మంచాన పడిందని తెలిసి కల్లూరు వెళ్ళాను. నిద్రపోతోంది కదా అని దుప్పటి కొసకు ముడి వేశాను. కళ్ళు మూసుకునే, "ఇప్పు బిడ్డా" అంది.

"వద్దు సిస్టర్."

"ఆనాడు ఇప్పింది నువ్వేనని నాకు అప్పుడే ఎరుక. అడిగి నిన్ను భయపెట్టిన, అది నా తప్పు. జరం మెదడుకెక్కింది, వాగు అడ్డం పడ్డది. గంతే. ఇప్పు. రేపు పొద్దుగాల నీ చేతి చాయ్ తాగుతా, సూడు."

ముడి విప్పాను. మర్నాడు నేను పెట్టిన చాయ్ సగం తాగి, "అవ్, చక్కెర జర తక్కువైంది" అంది. ఆ తర్వాత ఇంకో మూడు వారాలు బతికింది.

ఇదంతా తలుచుకుంటూ తాత మంచం దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. చివరికి పిడికిలి వదిలి, నలిగిన కొసను చేత్తో రాసి పరుపు కిందికి మడిచాను. ముడి వేయలేదు. వెళ్ళి కిటికీ తెరిచాను.

"సలి పెడుతున్నది బిడ్డా, ముయ్యి" అన్నాడు తాత.

"కొంచెంసేపు ఆగు తాతా, మా సిస్టర్ వెళ్ళాలి" అన్నాను.