జిన్ను వాసన

ఆదినారాయణ పోయి రెండేండ్లయినా, పొద్దుగూకే వేళకు అతని వాసన ఇంటికి వస్తూనే ఉంది. బీడీ వాసన కాదు, చెమట వాసనా కాదు. సూది వేసేముందు రాసే స్పిరిట్ లాంటి ఘాటు. అతని పెండ్లాం పెంచలమ్మకు ఆ ఘాటు బాగా తెలుసు. బతికున్నన్నాళ్లూ అతను పంచలో కూర్చుని తాగిన జిన్ను అనే ఫారిన్ మందుది అది.

ఓడల్లో వంట చేసే ప్రొద్దుటూరు జహీర్, సెలవుకు వచ్చినప్పుడల్లా స్నేహితుడి కోసం సీసా తెచ్చేవాడు. చూడ్డానికి నీళ్లు. "మామూలు మందుకు తాత ఇది, రవ్వంతే పోసుకో మామా" అని చెప్పి మరీ ఇచ్చేవాడు. ఆదినారాయణ గ్లాసు అడుగు తడిసేంత పోసుకుని, నీళ్లు కలిపి, అది పొగమంచులా తెల్లబడడం చూస్తూ కూర్చునేవాడు. ఒక గుక్క నాలుక మీద నిలిపి కండ్లు మూసుకునేవాడు.

"ఏముందంట దాంట్లో?" అని ఆమె అడిగితే, "నీకెరికైన రుచేలే" అనేవాడు.

వాళ్లది తొండూరు పక్క పల్లె. బోర్లు ఎండిన ఏడు చీనీ తోటలో బత్తాయి చెట్లన్నీ నిలువునా మాడిపోయాయి. చెట్లు నరికించాక అతనికి పులివెందుల మార్కెట్‌తో పని లేకుండా పోయింది. జిన్ను మొదలైంది ఆ తర్వాతే.

ఇప్పుడు కోడలు లహరికి నెలలు నిండుతున్నాయి. వాసన తగిలితే చాలు, లేచి వెనక వాకిలి మూసేది.

"మామను పంపించేయాల అత్తా. నాకు శానా భయంగా ఉండాది."

పంపించేస్తే తనకు ఇక మిగిలేదేమిటని పెంచలమ్మ భయం. ఉండబట్టక పక్కింటి జమీలాతో చెప్పుకుంది.

"ఇంట్లో జిన్ను వాసన పోవడంల్యా జమీలా."

జమీలా చేతిలోని చేట కింద పెట్టింది. "జిన్నా? ఎప్పట్నుంచి వదినా?"

"ఆయనుండంగానే ఉండె. సీసాలో."

"సీసాలో పెట్టినాడా. ఎంత గుండె అన్నకు."

జమీలాకు తెలిసిన జిన్ను వేరు. కంటికి కనపడకుండా చెట్ల మీద, పాడుబడిన చోట్ల మసిలే భూతం. పెంచలమ్మకు ఆ సంగతి తట్టలేదు.

"వాసనతోనే వస్తాది వదినా అది. ఉండే చెట్టు కొట్టేస్తే తావు లేక తిరుగుతాంటాది. మూత గాని తీసినారా ఏంది?"

"పెద్దల అమావాస్యకు తీసి ఆయన ఫోటో ముందర పెడ్తాం."

జమీలా కొంచెం ఎడంగా జరిగింది.

ఆ ఏడు అమావాస్యకు సీసాలో చివరి రెండు గుక్కలు మిగిలాయి. పెద్దలకు పెట్టింది ఇంట్లోవాళ్లు తీసుకోవాలి. కొడుకు అవినాష్‌కు తాగుడు అలవాటు లేదు.

"నా వల్ల కాదుమా. చెట్టుకు పోస్తా."

"ఏ చెట్టుకురా?"

అవినాష్ సీసా అమ్మ చేతికిచ్చాడు. పెంచలమ్మ గ్లాసులోకి వంచి నీళ్లు కలిపింది. తెల్లగా మబ్బు కమ్మింది. కండ్లు మూసుకుని నోట్లో పోసుకుంది.

ముందు నిప్పు. గొంతు గీరుకుంటూ దిగింది. అది చల్లారే చోట దంచిన ధనియాలు, ఏదో అడవి చెట్టు బంక చేదు, ఆ చేదు వెనకనుంచి చీనీ తొక్క. తొక్కే కాదు, గోటితో గిల్లిన లేతాకు, తడిసిన పూత, కోతల కాలంలో చేతులకు పట్టి అన్నంలోకి కూడా వచ్చే ఆ నూనె. మంట ఎంత గట్టిదో తోట అంత దగ్గరికొచ్చింది. రెండో గుక్క ఆమె తొందరగా మింగలేదు.

"ఎట్లుందిమా?"

"మీ నాయన మన ఇంటికి రావడంల్యా రా," అంది. "తోటకు పోతాండాడు. మనిల్లు దారిలో ఉండాది, అంతే."

ఆ సాయంత్రం ఘాటు తగలగానే లహరి వెనక వాకిలి వైపు లేచింది. పెంచలమ్మ ముందే వెళ్లి తలుపులు రెండూ తెరిచి పట్టుకుంది. బయట చీనీ మొద్దులు మిగిలిన చేను. వాసన నట్టింట్లోంచి నడిచి ఆమె పక్కకు వచ్చింది. ఆగుతుందేమోనని కొంగు సర్దుకుంది.

ఆగలేదు.