భుజంతో తుడుచుకోవడం

ప్రత్తిపాడు దగ్గర మా మిరప కల్లం పక్కనే నేను బ్యాడ్మింటన్ నేర్చుకున్నాను. ఎండిన మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరి, సాయంత్రం రాకెట్ పట్టేదాన్ని. ఏడేళ్లప్పుడు ఒకసారి మరిచిపోయి ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని, ఊరంతా వినపడేలా ఏడ్చాను. "చేత్తో కాదే పిచ్చిదానా, భుజంతో తుడుచుకో!" అని అరిచింది అమ్మ.

ఆ అలవాటు విదేశంలో నా మొదటి పెద్ద టోర్నమెంట్ దాకా వచ్చింది. ఫైనల్, మూడో గేమ్, ఇరవై-ఇరవై. కళ్లలోకి చెమట కారుతోంది. తువాలు కావాలంటే అంపైర్‌ని అడగాలి. అంత ఓపిక నాకెక్కడిది? తల వంచి భుజానికి రాసుకున్నాను. స్మాష్ కొట్టాను, సరిగ్గా గీత మీద పడింది! తర్వాతి షాట్‌ని అవతలి అమ్మాయి నెట్‌కి కొట్టేసింది. గెలిచాను! కోర్టు మధ్యలో నిలబడి భోరున ఏడ్చేశాను.

గదికి కూడా వెళ్లకుండా అమ్మకి ఫోన్ చేశాను. కల్లంలో కూలీలతో కలిసి మ్యాచ్ ఫోన్‌లో చూసిందట.

"ఏడుస్తా కూడా భుజంతోనే తుడుచుకున్నావేమే!" అంది.

"అలవాటైపోయిందమ్మా."

"ఇక్కడ మేమందరం కూడా అట్టాగే తుడుచుకున్నాంలే. చేతుల నిండా కారమాయె!"